మాతృభాష అనే గడి

తరగతిలో నోరు విప్పకూడదన్నది మా ట్రైనింగ్ కాలేజీ వాళ్ళు పెట్టిన మొదటి నిబంధన. పది రోజులు ఒక ప్రాథమిక పాఠశాలలో చివరి బెంచీ మీద కూర్చోవాలి, చూడాలి, రాయాలి. పాఠం చెప్పకూడదు, పిల్లలతో కబుర్లు పెట్టుకోకూడదు, టీచరు పొరపాటు చేసినా సవరించకూడదు. దీనికోసం ఒక రికార్డు పుస్తకం ఇచ్చారు. పేజీ నిండా గళ్ళు. ఐదు నిమిషాలకు ఒక గడి. ఆ ఐదు నిమిషాల్లో టీచరు ఏం చేసిందో ఒక పక్క, పిల్లలు ఏం చేశారో ఇంకో పక్క గీత పెట్టాలి. నాతో చదివే అమ్మాయిలు "పది రోజులు మాట్లాడకుండా ఎలా ఉంటామే!" అని గోల పెట్టారు. వాళ్ళకి ఇరవై రెండు, ఇరవై మూడు. నాకు ముప్పై దాటాయి. మాట్లాడకుండా ఉండడం నాకు కాలేజీ వాళ్ళు కొత్తగా నేర్పాల్సిన విద్యేం కాదు.

మాది చిక్కడపల్లి. తాతయ్య కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న పుట్టింది ఇక్కడే, నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో తెలుగు మాత్రం గోదావరి దాటి రాలేదు. బడిలో ఇంగ్లీషు, బజార్లో కాస్త ఉర్దూ కలిసిన తెలుగు, ఇంట్లో తాతయ్య తెలుగు. మూడూ వచ్చని నాకు చాలా నమ్మకం. అశోక్‌నగర్‌లో ఏడేళ్ళు గ్రూప్స్ కోచింగ్ తీసుకున్నాను. రీడింగ్ రూమ్‌లో నా పక్కన కూర్చున్న వాళ్ళలో కొందరికి ఉద్యోగాలొచ్చాయి, కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి, అదృష్టవంతులకి రెండూ అయ్యాయి. నాకు అటక నిండా పుస్తకాలు మిగిలాయి. చివరికి ఇక టీచరునైనా అవుదామని బీఎడ్‌లో చేరాను. "టీచరునైనా" అన్న ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడతాను.

రెండేళ్ళ క్రితం అమ్మ పోయింది. హైదర్‌గూడలో ఒక ఆస్పత్రిలో. చివరి రెండు రోజులూ నాకు పరీక్ష. "నువ్వెళ్ళు, నేనున్నాగా" అన్నారు నాన్న. వెళ్ళాను. మొదటి రోజు సాయంత్రం వచ్చి చూస్తే అమ్మ మగతలో ఉంది. రెండో రోజు పేపరు రాసి బయటికొచ్చి ఫోన్ తెరిస్తే నాన్నవి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఆ గదిలో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పరీక్ష కూడా పోయింది.

పరామర్శకు వచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట. "బాధపడకమ్మా, నాన్నగారున్నారుగా." నాకు ఒళ్ళు మండిపోయేది. ఈ సబ్బు లేదండీ, ఆ సబ్బు ఉంది తీసుకోండి అని కొట్లోవాడు చెప్పినట్టు ఉండేది. ఉన్నారు, కాదని ఎవరన్నారు? హాల్లో టీవీ ముందు ఉన్నారు. నాకూ ఆయనకీ మధ్య మిగిలిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్నం పెట్టనా, గ్యాస్ అయిపోయింది, తలుపు వేసుకో. అమ్మ అన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

అలాంటి నన్ను నారాయణగూడలో ఒక సందులో ఉన్న ప్రభుత్వ బడికి పంపారు. ఇంటి నుంచి మెట్రో స్తంభాల నీడలో నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. రెండు గదులు, ఒక వరండా, చేతిపంపు. ఒకటి, రెండు, మూడు తరగతులకు కలిపి ఒకే మేడమ్. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ ఉంటుంది. కాలేజీ ఇచ్చిన ఉత్తరం చదివి నవ్వింది.

"రా అమ్మా. గా ఎనక బెంచి ఖాళీగున్నది, గాడ కూసో. పిల్లలు జర లొల్లి చేస్తరు, పరేషాన్ గాకు."

బెంచీ పూర్తిగా ఖాళీగా లేదు. గోడ వారగా ఏడేళ్ళ పిల్ల ఒకత్తె కూర్చుని ఉంది. రెండో తరగతి. వాళ్ళ నాన్న అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. పాలమూరు వైపు నుంచి వచ్చారట, వానాకాలంలో బడి మధ్యలో చేరిందట. అక్షరాలు ఇంకా సరిగా రావు, అందుకని వెనక కూర్చుంది. ఇవన్నీ మేడమ్ చెప్పింది. పిల్ల మాత్రం నన్ను కింది నుంచి పైదాకా ఓసారి చూసి, దగ్గరికి జరిగి, చాలా జాలిగా అడిగింది.

"నిన్నెందుకు ఎనకకి కూసోవెట్టిన్రు? నీకు గూడ సదువొస్తలేదా?"

ఏడేళ్ళ కోచింగ్ గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను. "అవును, రావట్లేదు" అన్నాను గుసగుసగా. మొదటి రోజు మొదటి పావుగంటలోనే నిబంధన తప్పాను. ఎన్నాళ్ళ తర్వాతో ఒక మనిషి నా గురించి ఏదో తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న అది. జవాబు చెప్పకుండా ఎలా ఉంటాను?

ఆ రోజు నుంచి ఆమె నా పనిలో దిగింది. అక్షరాలు రావు కానీ గోడ గడియారం చూడడం బాగా వచ్చు. పెద్ద ముల్లు అంకె మీదికి రాగానే మోచేత్తో పొడిచేది. "పెద్ద ముల్లు మూడు మీదికొచ్చింది. గీకు." నేను గీత పెట్టేదాన్ని. "నాలుగు మీదికొచ్చింది. గీకు." మళ్ళీ గీత. మధ్యలో వాళ్ళ అపార్ట్‌మెంట్ ముచ్చట్లు. మూడో అంతస్తు వాళ్ళ కుక్కకి కూడా మంచం ఉందని, వాళ్ళ నాయిన మోటారు వేయడం మర్చిపోతే అందరూ తిడతారని. నేను వింటూ గీతలు పెట్టేదాన్ని. పొద్దున బడికి బయల్దేరేటప్పుడు కాస్త తొందరగా నడుస్తున్నానని రెండో రోజే గమనించాను.

ఆ రెండో రోజే ఇంకొకటి జరిగింది. గోడకు అక్షరాల చార్టు ఉంది. 'అ' పక్కన పిల్లని ఎత్తుకున్న ఒకావిడ బొమ్మ, కింద 'అమ్మ' అని పెద్దక్షరాలు. మేడమ్ కర్ర పెట్టి చూపిస్తే ఒక్కొక్కరూ లేచి చదవాలి. నా బెంచీ పిల్ల వంతు వచ్చింది. లేచి నిలబడి, బొమ్మ వంక చూసి, గట్టిగా చదివింది. "అ... అవ్వ!"

మేడమ్ "శాబాష్, కూసో బిడ్డ" అంది.

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. దొరికింది కదా ఒక పొరపాటు! పిల్లల వైపు గడిలో "తప్పు చదివింది" అని, టీచరు వైపు గడిలో "ఉపాధ్యాయురాలు తప్పును సరిదిద్దలేదు" అని చక్కటి దస్తూరీతో రాశాను. ఇంకు ఆరేదాకా ఊదాను కూడా.

రికార్డు వెనక భాగంలో ఒక విద్యార్థి గురించి వివరంగా రాయాలి. నేను ఈ పిల్లనే ఎంచుకున్నాను. వయసు, తండ్రి వృత్తి, మాతృభాష, శుభ్రత, ఇంటి వాతావరణం అని గళ్ళున్నాయి. మాతృభాష గడిలో "తెలుగు" అని రాయడానికి క్షణం కూడా ఆలోచించలేదు. శుభ్రత దగ్గర ఆగి పిల్లని పరిశీలించాను. రెండు జడలు, ఒకటి చెవి మీద, ఒకటి మెడ మీద. పాపిడి వంకర. ఒక జడకి రిబ్బను, ఇంకో జడకి రబ్బరు బ్యాండు. "జడలు సరిగా ఉండవు. తల్లి శ్రద్ధ తీసుకోవడం లేదు" అని రాశాను. మా కాలేజీ మేడమ్‌కి ఇలాంటి వాక్యాలు ఇష్టం.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు వరండాలో ఆడుకుంటున్నారు. నేను నా డబ్బా కడుక్కుని వచ్చి చూస్తే ఆ పిల్ల ఒక్కత్తే బెంచీ మీద ఉంది. కాళ్ళు ఊపుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"మా అవ్వ ఊరికి వోయింది. ఇంకా వస్తలేదు."

అవ్వ అంటే నాకు ఒకటే తెలుసు. చిక్కడపల్లి మార్కెట్లో కొత్తిమీర అమ్మే ముసలావిడని మేమంతా అవ్వా అనే పిలుస్తాం. నెత్తి ముగ్గుబుట్ట, నోట్లో పళ్ళు లేవు. ఈ పిల్లకీ అలాంటి అవ్వ ఒకావిడ ఉండి ఉంటుంది, ఊరెళ్ళి ఉంటుంది, మనవరాలు బెంగ పెట్టుకుంది. నాకు ముద్దొచ్చింది. తల నిమిరి, చాలా తేలిగ్గా, చాలా హుషారుగా అన్నాను.

"అవ్వ లేకపోతే ఏంటి? అమ్మ ఉందిగా ఇంట్లో!"

పిల్ల కాళ్ళు ఊపడం ఆపేసింది. నా ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా జరిగి జరిగి గోడ దాకా వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు ఇంక మోచేత్తో పొడవలేదు. మర్నాడూ అంతే. నేనే "పెద్ద ముల్లు ఎక్కడుంది?" అని గుసగుసగా అడిగాను. వినపడనట్టు పలక మీద సున్నాలు చుట్టింది. చాక్లెట్ తెచ్చిచ్చాను. తీసుకుంది, తినలేదు, సంచిలో పెట్టుకుంది. నేనేం తప్పు చేశానో ఎంత ఆలోచించినా తట్టలేదు. పిల్లలకి ఇలాంటి అలకలు మామూలే అని సర్దిచెప్పుకున్నాను. రికార్డులో "విద్యార్థిని ముభావంగా ఉంటుంది, స్పందించదు" అని రాశాను. అది రాస్తున్నప్పుడు కోపంగా ఉంది, ఒప్పుకుంటాను. ఏడేళ్ళ పిల్ల మీద ముప్పై దాటిన మనిషికి కోపం.

ఆ ఐదారు రోజులు నాకు చాలా పొడుగ్గా గడిచాయి. ముప్పై మంది పిల్లలు కేకలు పెట్టే గదిలో నాతో ఒక్కరూ మాట్లాడని చోటు చూసి మరీ నన్ను కూర్చోబెట్టినట్టు అనిపించేది. గీతలు పెట్టడం మర్చిపోయేదాన్ని. గడియారం చూసేసరికి రెండు గళ్ళు దాటిపోయేవి, ఏదో ఒకటి ఊహించి నింపేదాన్ని. మధ్యాహ్నం వరండా మెట్టు మీద డబ్బా విప్పుకుంటే, నేను పొద్దున వండిన వంకాయ కూర, పొద్దున నాన్నకి పెట్టిన వంకాయ కూర. ఇంటికెళ్తే టీవీలో ఎవరెవరో అరుచుకునేవాళ్ళు. ఎలా జరిగిందని ఆయన అడగలేదు. నాకు ఏడుపొచ్చేది. ఒక చిన్నపిల్ల నాలుగు రోజులు నా పక్కన కూర్చుని కబుర్లు చెబితే దానికే ఇంత అలవాటు పడిపోయానా అని నా మీద నాకే అసహ్యం వేసేది.

పదో రోజు, చివరి రోజు. మూడు గంటలకు గేటు చప్పుడైంది. పిల్ల కిటికీలోంచి చూసి, "అవ్వా!" అని కేక పెట్టి, సంచి పడేసి, బెంచీ మీదుగా నన్ను తొక్కుకుంటూ పరుగెత్తింది. అవ్వ వచ్చిందన్నమాట, ఇక అలక తీరుతుందని నేనూ వెనకే వరండాలోకి వెళ్ళాను.

గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది. చంకలో గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. పిల్ల ఆమె నడుం పట్టుకుని వేలాడుతోంది. నేను ఆ అమ్మాయి భుజం మీదుగా వెనక్కి చూశాను, అవ్వ ఎక్కడా అని. గేటు వెనక సందులో ఎవరూ లేరు. ఓ స్కూటర్ ఉంది అంతే.

"అవ్వా, తమ్ముడా? అవ్వా, నాకియ్యి! అవ్వా!"

అప్పుడు తెలిసింది. మేడమ్ నా పక్కకొచ్చి నిలబడింది.

"మేడమ్, అవ్వ అంటే... అమ్మా?"

"గది గూడ తెల్వదా? ఊర్లల్ల శానామంది గట్లనే అంటరు. నువ్వు ఈడనే పుట్టినన్నవు గద! పురుడుకని తల్లిగారింటికి పోయింది. రెండు నెలలాయె. తండ్రే జడలేసి తోలుతుండె పాపం."

"నాకు చెప్పలేదేంటి మేడమ్?"

"నువ్వడిగితే గద! పొద్దుగాల వస్తవు, రాసుకుంటవు, పోతవు." ఆవిడ మామూలుగానే అంది, నవ్వుతూనే అంది.

అమ్మ ఉందిగా ఇంట్లో! రెండు నెలలుగా అమ్మ లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లతో, ఆ బెంగ చెప్పుకోవడానికి నన్ను ఎంచుకున్న పిల్లతో, నేనన్న మాట అది. ఏ మాట విని రెండేళ్ళు ఒళ్ళు మండిపోయిందో సరిగ్గా ఆ మాట. అంతకన్నా ఘోరం కూడా. చార్టు మీద బొమ్మని చూసి ఆ పిల్ల తప్పు చదవలేదు. ఆ బొమ్మలో వాళ్ళ అమ్మని చూసుకుని పిలిచింది.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "మీరేనా టీచరమ్మ? ఫోన్ల రోజు మీ ముచ్చటే. ఎనక బెంచిల పెద్దామె ఒకామె కూసుంటది, ఆమెతోని గూడ ఎవ్వలు మాట్లాడరు అని చెప్పేది."

క్షమించమని పిల్లని అడగాలని ఉంది, ఏ తప్పుకని చెప్పను? ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "మీ అవ్వ వచ్చేసింది కదా" అన్నాను. ఆ మాట నా నోట్లో కొత్తగా ఉంది.

పిల్ల ముఖం వెలిగిపోతోంది. పగ ఏమైనా ఉంటే తమ్ముణ్ణి చూడగానే మర్చిపోయింది. నా బుగ్గ పట్టుకుని అడిగింది. "మరి మీ అవ్వ ఎప్పుడొస్తది?"

"రాదమ్మా. మా అవ్వ లేదు."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నా తల నిమిరి, నా గొంతుతోనే, ఆ రోజు నాకున్న హుషారంతా అచ్చం అలాగే తెచ్చుకుని అంది.

"అవ్వ లేకుంటేంది? మీ నాయిన ఉన్నడు గద ఇంట్ల!"

తల్లి "ఏయ్, గట్లనొద్దు" అని కసిరింది. పిల్ల వెక్కిరించిందో ఓదార్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఓదార్చిందనే అనుకుంటాను, పెద్దవాళ్ళు ఇలా ఓదారుస్తారని ఆ పిల్ల నా దగ్గరే నేర్చుకుంది మరి. ఒళ్ళు మాత్రం మండలేదు.

తరగతిలోకి వెళ్ళి రికార్డు తెరిచాను. "తప్పు చదివింది" కొట్టేశాను. "తల్లి శ్రద్ధ తీసుకోవడం లేదు" కనపడకుండా కొట్టేశాను. మాతృభాష గడి దగ్గర "తెలుగు" అని ఉంది. దాన్ని ఏం చేయాలో తోచక అలాగే వదిలేశాను. కొట్టివేతలకు కాలేజీలో మార్కులు పోయాయి.

ఇంటికొచ్చేసరికి నాన్న వార్తలు చూస్తున్నారు. నేను లోపలికి వెళ్ళకుండా ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. మేడమ్ అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. నువ్వడిగితే గద. రెండేళ్ళుగా అడగాల్సింది అడగడానికి ధైర్యం చాలలేదు, దాని పక్కనున్న చిన్న ప్రశ్న అడిగాను.

"నాన్నా, అమ్మ వాళ్ళమ్మని ఏమని పిలిచేది?"

ఆయన ఉలిక్కిపడ్డారు. ఆ ఇంట్లో ఆ మాట వినపడి చాలా రోజులైంది. రిమోట్ వెతుక్కుని టీవీ కట్టేశారు.

"అమ్మా అనేగా. ఎందుకూ?"

"ఊరికే."

కింద ఎవరో బండి స్టార్ట్ చేశారు. ఆయన రిమోట్ బల్ల మీద పెట్టి నా వైపు తిరిగారు.

"చివరి రెండు రోజులూ నన్ను కూడా అలాగే పిలిచింది" అన్నారు. "కళ్ళు తెరవకుండా అమ్మా, అమ్మా అని. వాళ్ళమ్మ అనుకుంది. నేను కాదని చెప్పలేదు. పిలిచినప్పుడల్లా పలికాను."